నూట ఎనభై ఆరు పేర్ల కొలత

టేపక్క ఒకరోజు కూర్చుని లెక్క చూసుకుంటే ఇలా తేలింది: ఇరవై మూడేళ్ల పని, మూడు వందల పన్నెండు పటాలు, వాటి మీద తన సంతకాలు సున్నా.

మిగతా పద్దులన్నిట్లోనూ ఆమె బతుకు లాభంలోనే ఉంది. సొంత పరికరం ఉంది, సొంత స్కూటర్ ఉంది, చెప్పిన రోజుకి పటం చేతిలో పెడుతుందన్న పేరుంది. కొత్తలో మేనమామ వెంట టేపు చివర పట్టుకుని తిరిగినందుకు పడిన పేరు టేపక్క. ఇప్పుడు టేపు వేరేవాళ్లు పడుతున్నారు, పేరు మాత్రం ఆమెకే అంటుకుపోయింది. నష్టమల్లా ఒక్కచోటే. ఆమె ఎండలో నిలబడి కొలిచి, గీసి, సరిచూసిన ప్రతి పటమూ సర్వేయర్ల సంఘానికి వెళ్లాలి. అక్కడ పూర్తి సభ్యుడొకడు కింద కుడిమూల గడిలో సంతకం చేసి సీలు కొట్టాలి. ఆ గడి ఖాళీగా ఉంటే ఏ ఆఫీసూ పటం తీసుకోదు. టేపక్క అనుబంధ సభ్యురాలు. అనుబంధ సభ్యులకి సమావేశంలో వెనక వరస కుర్చీ ఉంటుంది, ఏటా ఒక క్యాలెండరు ఉంటుంది. ఓటుండదు, సీలుండదు.

పూర్తి సభ్యత్వానికి కార్యవర్గంలో ఇద్దరు సిఫారసు చెయ్యాలి. కార్యవర్గం పదకొండు మంది. పదిహేడేళ్లుగా అదే పదకొండు మంది. వాళ్ల సిఫారసులు వాళ్ల కొడుకుల్నీ అల్లుళ్లనీ దాటి గడప బయట అడుగు పెట్టలేదు.

వ్యాపారంలో కొంత తరుగు తప్పదని టేపక్క చాలాకాలం సరిపెట్టుకుంది. ఆ సరిపెట్టుకోవడానికి గండి కొట్టింది కొండవాలు కాలనీ పటం. రాళ్లూ ముళ్లూ దాటుకుంటూ తల్లీకూతుళ్లిద్దరూ నలభై రోజులు కొలిచిన పటం అది. రోడ్డు పని మొదలుపెట్టిన రోజున పెద్ద ఇంజినీరు ఆ పటాన్ని పైకెత్తి చూపించి, "ఇంత శుభ్రమైన కొలత నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. సంఘం కార్యదర్శి లేచి, వినయంగా తల వంచి, ఆ మెప్పంతా మూటగట్టుకున్నాడు. సంతకం ఆయనదే మరి. జనం చప్పట్లు కొట్టారు. టేపక్క కూడా కొట్టింది.

తిరుగుదారిలో స్కూటర్ వెనక కూర్చున్న కూతురు అడిగింది.

"అమ్మా, నువ్వెందుకే చప్పట్లు కొట్టావ్?"

"అందరూ కొడుతున్నారుగా."

"మన నలభై రోజులకి ఆయనకి చప్పట్లా? రేపు నా గతీ ఇంతేనా?"

టేపక్క కూడలి దగ్గర ఇంటివైపు తిప్పాల్సిన స్కూటర్‌ని సంఘం ఆఫీసు వైపు తిప్పింది.

ఆఫీసంటే ఇనప సామాన్ల కొట్టు పైన రెండు గదులు. గోడ పొడుగునా పటాల బీరువాలు, మూలన కాలు విరిగిన స్టాండు, గాజు పెట్టెలో తాతల నాటి కొలత గొలుసు. కార్యదర్శిని అందరూ సీలాయన అంటారు. జేబులో పెన్ను మరిచిపోయిన రోజులున్నాయి గాని సీలు మరిచిపోయిన రోజు లేదు. మాట మాత్రం వెన్న.

"రా చెల్లెమ్మా. పటమేదీ?"

"పటం కాదన్నగారూ. నిబంధనలు మార్చాలి. పూర్తి, అనుబంధం అని రెండు జాబితాలు వద్దు, ఒకటే ఉండాలి. పని తెలిసినవాళ్లంతా సభ్యులు కావాలి. కార్యవర్గంలో ఎవరైనా రెండు దఫాలు ఉంటే చాలు, తర్వాత దిగిపోవాలి."

సీలాయన కోప్పడలేదు. కుర్చీ వెనక్కి వాల్చి నవ్వాడు. "నేనేమన్నా కాదన్నానా తల్లీ? రాసే ఉంది కదా, జాబితాలో ఉన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది చెయ్యెత్తితే మార్చుకోవచ్చని. సమావేశానికి వచ్చినవాళ్లలో కాదు సుమా, జాబితాలో ఉన్నవాళ్లలో. నూట ఎనభై ఆరు మంది పూర్తి సభ్యులు. నూట ఇరవై నాలుగు చేతులు పట్టుకురా. నేనే నిలబడి లెక్కపెడతా."

ఎంత మంచి భోజనం పెట్టినా సంఘం సమావేశానికి డెబ్బై మంది దాటి వచ్చిన దాఖలా లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

"ఆ జాబితా ఒకసారి చూడొచ్చా అన్నగారూ?"

"చందా కట్టేవాళ్లెవరైనా చూడొచ్చు. రాసుకుంటావా? రాసుకో. చెయ్యి నొప్పెడితే చెప్పు, కాఫీ తెప్పిస్తా."

తల్లి చదువుతుంటే కూతురు రాసుకుంటోంది. పదకొండో పేరు దగ్గర పెన్ను ఆగింది. "అమ్మా, ఈయన మన వీధి చివరాయన కదా. పోయి నాలుగేళ్లు..."

టేపక్క బల్ల కింద కూతురి కాలు తొక్కింది. "రాయి. మాట్లాడకు."

మెట్లు దిగాక గాని కూతురి కాలికి క్షమాపణ చెప్పలేదు. అప్పటికే ఆమె మనసులో లెక్క మొదలైంది. ఏటా సమావేశం నోటీసు చనిపోయినవాళ్లకి కూడా వెళ్తోంది. వాళ్లెలాగూ రారు. రానివాళ్లంతా వ్యతిరేకం కిందే లెక్క. ఆ సంఘంలో అందరికంటే పట్టుదల గల ప్రతిపక్షం చనిపోయినవాళ్లదే. ముప్పై ఏళ్లుగా ఒక్కసారి కూడా ఓడిపోలేదు. ఊళ్లో ప్రతి గోడా ఎక్కడుందో కొలిచి చెప్పే మనుషులు, తమ సంఘంలో ఎవరున్నారో ఒక్కనాడూ కొలవలేదు.

"రేపటినుంచి కొత్త సర్వే" అంది కూతురితో. "నూట ఎనభై ఆరు పాయింట్లు. ప్రతి పాయింటు దగ్గరికీ మనిషి వెళ్లి చూసి రావాలి."

రెండు నెలలు తిరిగారు. ఫీల్డు బుక్కులో ఎడమ పేజీలో ఇంటి ఆనవాలు, కుడి పేజీలో మనిషి సంగతి. పోయినవాళ్ల ఇళ్లలో వాళ్ల వాళ్ల చేత ఒక ముక్క రాయించుకున్నారు. ఒకాయన పేరు జాబితాలో రెండుసార్లుంది, ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఇంటిపేరు లేకుండా. ఏటా తనకి రెండు క్యాలెండర్లు రావడం తన మీద గౌరవం కొద్దీ అనుకుంటున్నాడు పాపం. ఇలాంటి జంటలు ఆరు తేలాయి.

బతికున్నవాళ్ల దగ్గర టేపక్క న్యాయం గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. మీకేం కావాలని అడిగింది. ఈ పని మానేసి బేకరీ పెట్టుకున్నాయన, "మమ్మల్ని తీసేస్తారా ఏంటమ్మా?" అని బెంగపడ్డాడు. పేరుంటుంది, ఓటుంటుంది, సీలొక్కటే ఉండదు అంది. సరేనని ఒక పొట్లం బిస్కెట్లు చేతిలో పెట్టాడు. దూరపు మండలాల వాళ్లు, పదకొండు కుర్చీల్లోనూ పట్నం వాళ్లే కూర్చుంటే మేమొచ్చి ఏం చెయ్యాలన్నారు. తొమ్మిది కుర్చీల కార్యవర్గం వేసి, ఆరు మండలాలకి తలా ఒకటి రాసింది. అందరికంటే గట్టి బేరం పట్నంలోని చిన్న సర్వేయర్లది. "అనుబంధం వాళ్లు డెబ్బై నాలుగు మందినీ ఒక్కసారి లోపలికి తోలేస్తే మా పని విలువేం కాను?" అన్నారు. ఆమె రెండు రోజులు ఆలోచించింది. పదేళ్ల అనుభవం ఉండాలి, ముగ్గురు పరీక్షకుల ముందు మైదానంలో కొలిచి చూపించాలి, నెగ్గినవాళ్లే సభ్యులు అని రాసుకొచ్చింది. వాళ్లు చేతులు కలిపారు.

ఆ ఒప్పందం బయటికి పొక్కగానే సొంత మనుషులే మీద పడ్డారు. వరసకి మరిది అయ్యే అనుబంధ సభ్యుడు, ఎత్తుపల్లాలు చూసే లెవెల్ పరికరం పేరే తన పేరైన లెవెల్ తమ్ముడు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"మమ్మల్ని అమ్మేశావు వదినా! ఇరవై ఏళ్లు ఎండలో మాడినవాణ్ణి ఇప్పుడు పరీక్ష రాయాలా నేను?"

"రాయడం కాదు, కొలవాలి. నీకు కొలవడం రాదా?"

"వచ్చు. అయినా పరీక్షేంటి, అవమానం కాదూ?"

"ఇప్పుడు సీలాయన గుమ్మం ముందు పటం పట్టుకుని నిలబడుతున్నావే, అది సన్మానమా? ఆయన సిఫారసు నీ చేతిలో లేదు. నీ కొలత నీ చేతిలో ఉంది. ఏది చవకో నువ్వే చూసుకో." కాస్త ఆగి అంది, "మొదటి పరీక్ష నేనే ఇస్తా. నేను తప్పితే అప్పుడొచ్చి తిట్టు."

లెవెల్ తమ్ముడు చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. మంచినీళ్లు తాగి, "లెక్క సరిగ్గానే వేశావులే" అని గొణిగాడు.

మొత్తం కూడితే చనిపోయినవాళ్లు నలభై ఒక్క మంది, రెండుసార్లు పడిన పేర్లు ఆరు. మిగిలింది నూట ముప్పై తొమ్మిది. కావాల్సిన చేతులు తొంభై మూడు. టేపక్క ఆ బుక్కు పట్టుకుని మాస్టారి దగ్గరికి వెళ్లింది.

మాస్టారు ఒకప్పటి అధ్యక్షుడు. ఊళ్లో సర్వేయర్లలో సగం మంది ఆయన చేతికింద పని నేర్చుకున్నవాళ్లే. పూర్తి సభ్యుడైన ఆయన తీర్మానం పెడితే జాబితా తప్పుల్ని సమావేశంలో మామూలు మెజారిటీతోనే సరిదిద్దవచ్చు. ఆయన కళ్లజోడు పైకి తోసి బుక్కంతా తిరగేశాడు.

"బాగుందమ్మాయ్. కాని ఇది ఒక్క రీడింగే. తిరుగు రీడింగేదీ?"

"మాస్టారూ, మళ్లీ నూట ఎనభై ఆరు ఇళ్లా?"

"అక్కర్లేదు. నేను ఇరవై పేర్లు ఏరతా. నేనే వెళ్లి చూస్తా."

లోపలినుంచి ఆయన భార్య అరిచింది, "ఆ మోకాళ్లేసుకుని ఎక్కడికండీ వెళ్లేది?"

"మోకాళ్లు రాకపోతే వదిలేసి వెళ్తాలే!"

పధ్నాలుగో ఇల్లు రైలు కట్ట అవతల ఉంది. ఆయనా టేపక్కా తలుపు కొట్టారు. బుక్కులో ఆ పేరు పక్కన 'మరణించారు' అని ఉంది. తలుపు తీసిన మనిషి చేతిలో అన్నం ముద్ద ఉంది.

"ఎవరు కావాలి?"

మాస్టారు పేరు చెప్పాడు.

"నేనే. చెప్పండి."

టేపక్క ఆ ఇంటికని బయల్దేరిన రోజు జోరు వాన. కట్ట ఇవతలి కిరాణా కొట్టాయన, ఆయన పోయాడమ్మా, ఇల్లు తాళం వేసుంది అంటే, కట్ట దాటకుండానే రాసేసుకుంది. నూట ఎనభై ఆరింట్లో తన కంటితో చూడకుండా రాసింది ఆ ఒక్కటే. ఆయన ఆస్పత్రిలో నెల రోజులుండి వచ్చాడంతే.

"నన్ను చంపేశారా?" అన్నాడాయన సంగతి విని. "మా ఆవిడకి చెప్పకండి, సంబరపడుతుంది."

బయటికొచ్చాక టేపక్క గోడకానుకుని నిలబడింది. "మాస్టారూ, మనిషి వెళ్లి చూడాలని కూతురికి పాఠాలు చెప్పి, నేనే విన్నమాట రాశాను. ఇక ఈ బుక్కునెవరు నమ్ముతారు?"

"ఏం చేద్దామనుకుంటున్నావ్?"

"ఆ పేజీ తీసేసి కొత్తగా..."

మాస్టారు చూసిన చూపుకి మాట సగంలో ఆగిపోయింది. ఫీల్డు బుక్కులో పేజీ చింపకూడదు, అంకె చెరపకూడదు. తప్పుపడితే ఒక్క గీత కొట్టి, కింది అంకె కనబడేలా ఉంచి, పక్కన సరైనది రాసి పొడి అక్షరాలు వెయ్యాలి. ఈ పనిలో మొదటి రోజు నేర్పేదే అది. ఆమె కట్ట మీదే కూర్చుని గీత కొట్టింది. మరణించినవాళ్లు నలభై. మిగిలింది నూట నలభై. కావాల్సిన చేతులు తొంభై మూడు కాదు, తొంభై నాలుగు. తన నిజాయితీకి ఒక చెయ్యి ఖరీదు పడింది. అనుమానం తీరక, విన్నమాటేదైనా ఇంకా ఉందేమోనని బుక్కు మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివింది. లేదు. మాస్టారి ఇరవైలో మిగతావన్నీ కుదిరాయి.

సమావేశం ఆదివారం పొద్దున, ఒక అద్దె హాల్లో. నూట ఇరవై ఎనిమిది మంది పూర్తి సభ్యులొచ్చారు. కుర్చీలు చాలక పక్క హోటల్‌నుంచి బెంచీలు మోయించాల్సి వచ్చింది. అనుబంధం వాళ్లు గోడల వెంబడి నిలబడ్డారు. సీలాయన వేదిక మీదనుంచి తలలు లెక్కపెట్టుకుంటూ నీళ్లు తాగాడు, మళ్లీ లెక్కపెట్టాడు, మళ్లీ తాగాడు.

మాస్టారు లేచి, జాబితాని సరిదిద్దాలని తీర్మానం పెట్టాడు. టేపక్క బుక్కుతో ముందుకొచ్చింది.

"అనుబంధ సభ్యులకి సభలో మాట్లాడే హక్కు లేదు చెల్లెమ్మా" అన్నాడు సీలాయన, ఎంతో బాధపడుతున్నట్టు.

"మాట్లాడటం లేదు" అన్నాడు మాస్టారు. "చదువుతోంది. కొలిచినవాళ్లే చదవాలి. అది మన పద్ధతి. కాదంటావా?"

ఎవరూ కాదనలేకపోయారు.

టేపక్క పోయినవాళ్ల సంఖ్యతో మొదలుపెట్టాలని ఇంట్లో అనుకుని వచ్చింది. తీరా నిలబడ్డాక వేరే పేజీ తీసింది. "ముందు నా తప్పు చదువుతాను. నూట పద్దెనిమిదో పేరు. వానలో కట్ట దాటలేదు. విన్నమాట మీద మరణించారని రాశాను. ఆయన బతికే ఉన్నారు. మాస్టారి తిరుగు రీడింగులో బయటపడింది. కొట్టేసి సరిదిద్దాను."

"బతికే ఉన్నాను!" అని మధ్య వరసలోంచి ఒకాయన లేచి అందరికీ నమస్కారం పెట్టాడు. హాలు ఘొల్లుమంది.

సీలాయన ఆ నవ్వు ఆగేదాకా ఆగలేదు. దొరికింది అవకాశం అనుకుని లేచి, వేదిక దిగి, బుక్కు అడిగి తీసుకుని, ఆ పేజీ విప్పి అందరికీ చూపించాడు.

"చూడండి! ఆవిడే ఒప్పుకుంది! బతికున్న మనిషిని చంపింది. ఇదిగో కొట్టివేత. ఇక్కడింకోటి, అంకె తిరగరాసింది. ఇదీ ఈ బుక్కు నాణ్యం. మన సంఘం జాబితా చూడండి." నున్నటి అట్ట వేసిన జాబితాని రెండో చేత్తో పైకెత్తాడు. "ముప్పై ఏళ్లు. ఒక్క కొట్టివేత లేదు. ఒక్కటంటే ఒక్కటి!"

హాలు నిశ్శబ్దమైపోయింది. అది తనకి అనుకూలమైన నిశ్శబ్దమని సీలాయన అనుకున్నాడు. ఆయన మైదానంలోకి వెళ్లి పదిహేడేళ్లయింది. సీలు కొట్టడమే తప్ప బుక్కు రాయడం మానేసి అంతే కాలమైంది. లేకపోతే నూట ఇరవై ఎనిమిది మంది సర్వేయర్ల ముందు నోరారా ఆ మాట అనేవాడు కాదు.

వెనక బెంచీ మీదనుంచి ఎవరో తీరిగ్గా అడిగారు. "అన్నా, ఒక్క కొట్టివేత కూడా లేని బుక్కు ఎక్కడ రాస్తారో తెలుసు కదా?"

"ఇంట్లో! ఫ్యాను కింద!" అని పది గొంతులు ఒక్కసారే అన్నాయి.

ఇక నవ్వు ఆగలేదు. మైదానంలో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు, ఎండా వానా చూసిన బుక్కులో గీతలుంటాయి, మట్టి మరకలుంటాయి. చుట్టి కొలిచి మొదలెట్టిన మేకు దగ్గరికే తిరిగొచ్చినా అంకెల్లో ఎంతో కొంత తేడా మిగులుతుంది. ఆ తేడా ఇంత అని పటం కింద రాసినవాణ్ణే నమ్ముతారు. తేడా సున్నా అని రాసినవాడి పటాన్ని పక్కన పెట్టి, మళ్లీ కొలుస్తారు. నూట ఎనభై ఆరింట్లో ఒక్క తప్పు, అది కూడా తనే చెప్పుకున్న తప్పు: అంతకంటే మంచి కొలత ఆ హాల్లో ఎవరూ చూసి ఉండరు.

సీలాయన చేతిలో నున్నటి అట్ట మెల్లగా కిందికి దిగింది. జాబితా సరిదిద్దే తీర్మానానికి నూట పందొమ్మిది చేతులు లేచాయి. దాని తర్వాత అసలు తీర్మానం: ఒకటే జాబితా, మైదానంలో పరీక్ష, తొమ్మిది కుర్చీలు, రెండే దఫాలు, మూడేళ్లకోసారి జాబితాని ఇంటింటికీ వెళ్లి కొలవడం. తొంభై నాలుగు కావాలి. మాస్టారు ఒక వైపునుంచీ, బేకరీ ఆయన రెండో వైపునుంచీ లెక్కపెట్టారు. ఇద్దరి లెక్కా కలిసే దాకా చేతులు దించొద్దన్నారు.

నూట ఐదు. రెండు వైపులా నూట ఐదు.

గోడల వెంబడి నిలబడ్డ డెబ్బై నాలుగు మందీ పెట్టిన కేకకి కిటికీ అద్దాలు గలగలలాడాయి. లెవెల్ తమ్ముడు ఎవరి కుర్చీయో ఎక్కి, "మా వదిన!" అని అరుస్తున్నాడు. కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చి తల్లిని చుట్టేసింది. ఈసారి టేపక్క చప్పట్లు కొట్టలేదు. కొట్టేవాళ్లని తీరుబడిగా చూస్తూ నిలబడింది.

మూడు వారాలకి మొదటి పరీక్ష. ఐదు మేకులు దిగ్గొట్టిన ఎగుడుదిగుడు నేల, ముగ్గురు పరీక్షకులు, చుట్టూ అనుబంధం వాళ్లు. టేపక్క చుట్టి కొలిచి మొదటి మేకు దగ్గరికి తిరిగొచ్చింది. ముప్పై మిల్లీమీటర్ల తేడా వరకూ ఒప్పుకుంటారు. ఆమెది ఆరు. బుక్కులో ఆరు అని రాసి, రెండు కొట్టివేతలతో సహా చేతికిచ్చింది. పరీక్షకుడు పేజీ చూసి, "ఇక్కడ సంతకం పెట్టండి" అని సభ్యత్వ పుస్తకం ముందుకు తోశాడు. ఆ ఏడాది నలభై ఎనిమిది మంది నెగ్గారు, అందులో లెవెల్ తమ్ముడూ ఉన్నాడు. నెగ్గనివాళ్లకి ఆరు నెలలకి మళ్లీ అవకాశం. పదేళ్ల అనుభవం నిండడానికి కూతురికి ఇంకా ఏడేళ్లు మిగిలాయి. "ఏడేళ్లు చాలా ఎక్కువే" అంటే, "ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేని ఏడేళ్లు, చవకే" అంది తల్లి.

మూడు వందల పదమూడో పటం ఒక బడి ఆవరణది. టేపక్క దాన్ని తనే తీసుకెళ్లి సర్కారు ఆఫీసు కిటికీలోంచి లోపలికి పెట్టింది. లోపలి గుమాస్తా అలవాటు కొద్దీ నేరుగా కుడిమూల గడి చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ఇదెవరి సంతకమమ్మా?"

"నాదే."

"సీలాయన సంతకం కదా ఉండాల్సింది?"

"ఆయన పటాల మీద ఆయనది ఉంటుంది."

గుమాస్తా లోపలికెళ్లి కొత్త జాబితా తెచ్చాడు. వేలు పెట్టి పైనుంచి కిందికి వెతికాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లు విసుక్కుంటున్నారు. టేపక్కకి తొందర లేదు. వేలు ఆగింది.

"ఉంది" అన్నాడు, కాస్త ఆశ్చర్యంగా. రసీదు పుస్తకం తీసి, "పటం గీసినవారు" అన్న చోట ఆమె పేరు రాసుకున్నాడు. పక్కన "సంతకం చేసినవారు" అన్న గడి వచ్చింది. అక్కడ పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్లీ అదే పేరు రాసింది.

టేపక్క రసీదు తీసుకుని, మడత పెట్టకుండా, కూతురికి చూపించడానికి వీధిలోకి నడిచింది.